కారులో ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్: బెంగళూరులో ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా

పది వేల కిలోమీటర్లకో, ఏడాదికో ఒకసారి ఇంజిన్ ఆయిల్ మార్చాలని దాదాపు ప్రతి కారు పుస్తకంలోనూ ఉంటుంది. ఆ లెక్క బెంగళూరు ట్రాఫిక్‌ని చూసి వేసింది కాదు. హైవే మీద సగటున గంటకు 60 కి.మీ. వేగంతో పోయే బండి పది వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఇంజిన్ ఆడేది 170 గంటల లోపే. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా రోజూ పాకే బండికి సగటు వేగం 15 అనుకోండి, అదే దూరానికి 660 గంటలు దాటిపోతాయి. మీటరు మీద అంకె ఒకటే, ఇంజిన్ పడ్డ పాట్లు నాలుగింతలు. పైగా ఆ గంటల్లో చాలా భాగం ఏసీ వేసుకుని నిలబడ్డవే.

అందుకే కారు పుస్తకంలో సర్వీసు పట్టిక ఉన్న పేజీ దగ్గరే ఆగకండి. దాని వెనకే ‘కఠిన పరిస్థితుల్లో వాడకం’ అని ఇంకో చిన్న పట్టిక ఉంటుంది. తక్కువ దూరాలు, ఎక్కువసేపు ఐడిలింగ్ (బండి కదలకుండా ఇంజిన్ ఆడటం), దుమ్ము, ఆగుతూ సాగే ట్రాఫిక్ అని అందులో రాసినవన్నీ కలిపితే మన అవుటర్ రింగ్ రోడ్డే. ఆ పట్టిక ప్రకారం చాలా బండ్లకు గడువు సగానికి పడిపోతుంది. నామటుకు నేను ఊళ్లోనే తిరిగే పెట్రోలు బండికి ఏడు వేలు దాటనివ్వను. వారాంతాల్లో హైవే ఎక్కే బండి అయితే పది వేలు ఆగినా నష్టం లేదు. మీటరు ఎంత తక్కువ తిరిగినా ఏడాది మాత్రం దాటకూడదు.

ఒక మాట ముందే. బండి వారంటీలో ఉంటే ఈ పనులు మీరు పెట్టుకోకండి. రేపు ఇంజిన్‌లో ఏదైనా తేడా వస్తే ముందు అడిగేది సర్వీసు రికార్డే, అప్పుడు పేచీ తప్పదు. వారంటీ అయిపోయిన బండికి, ఓపిక ఉన్న ఆదివారానికి పనికొచ్చే సంగతులివి.

కొనే ముందు

మార్చడం కంటే ఏది కొనాలో తేల్చుకోవడమే కష్టం. జేసీ రోడ్డులో స్పేర్ పార్టుల దుకాణాల వరసలోకి వెళ్లి ‘ఆయిల్ కావాలి’ అన్నారంటే చాలు, మీ బండికి ఏం కావాలో మీకన్నా ముందు అవతలివాళ్లే చెప్పేస్తారు. కారు పేరు వినగానే ‘మన ఎండలకి అంత పల్చటి ఆయిల్ ఏం ఆగుతుంది సార్, 20డబ్ల్యూ-50 పొయ్యండి, సౌండ్ కూడా తగ్గుతుంది’ అనే సలహా ఇప్పటికీ వినిపిస్తుంది. సౌండ్ నిజంగానే తగ్గొచ్చు. కానీ ఆ సలహా పాత కార్లకు సరిపోయేది, మీ కారుకి కాదు.

ఎందుకో చూద్దాం. 5డబ్ల్యూ-30 అన్నప్పుడు మొదటి అంకె చలిలో స్టార్ట్ చేసేటప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. రెండోది 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. బయట ఎండ 20 డిగ్రీలున్నా 38 ఉన్నా, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పుణ్యమా అని వేడెక్కిన ఇంజిన్‌లో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) 90 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. కాబట్టి ‘మన ఎండలు’ అన్న వాదన అంత దూరం రాదు. చూడాల్సింది ఆ ఇంజిన్‌లో బేరింగుల సందు ఎంత, ఆయిల్ పంపు ఎంత ఒత్తిడి ఇవ్వాలని కట్టారు, వాల్వుల టైమింగ్ మార్చే భాగాలు ఏ చిక్కదనంతో సరిగ్గా కదులుతాయి అన్నవే. ఇప్పుడొచ్చే చిన్న పెట్రోలు కార్లలో 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 మామూలైపోయాయి. 100 డిగ్రీల దగ్గర 20 గ్రేడు ఆయిల్ చిక్కదనం 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ మధ్య ఉంటే, 50 గ్రేడుది 16.3 దాటుతుంది. దాదాపు రెట్టింపు. సన్నటి దారుల్లోకి అది చేరడానికి పట్టే ఆ కొన్ని క్షణాలే ప్రతి ఉదయం అరుగుదలకు మూలం.

పుస్తకంలో 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 రెండూ రాసి ఉంటే రెండింట్లో ఏదైనా పోయొచ్చు. లక్ష కిలోమీటర్లు దాటి కాస్త ఆయిల్ తాగుతున్న బండికి ఆ రెండింట్లో చిక్కటిది తీసుకోవడం సబబే. పుస్తకంలో లేని గ్రేడు జోలికి మాత్రం పోకండి.

గ్రేడు తర్వాత చూడాల్సింది నాణ్యత స్థాయి. పెట్రోలు ఇంజిన్లకు ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వాళ్లు ఇచ్చే స్థాయి ‘ఎస్’ అక్షరంతో మొదలవుతుంది. ఎస్‌ఎన్ తర్వాత 2020లో ఎస్‌పీ వచ్చింది. పాతది అడిగే బండిలో కొత్తది పోయొచ్చు, కొత్తది అడిగే బండిలో పాతది పొయ్యకూడదు. టర్బో పెట్రోలు బండి ఉన్నవాళ్లు ఎస్‌పీ దగ్గర రాజీ పడకండి. తక్కువ ఆర్‌పీఎంలో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు సిలిండర్‌లో స్పార్క్ కంటే ముందే మంట అంటుకునే జబ్బు ఆ ఇంజిన్లలో ఉంది. దాన్ని అదుపులో పెట్టే పరీక్షలు దాటిన ఆయిల్ అది.

డీజిల్ సంగతి వేరు. 2020 ఏప్రిల్ 1 తర్వాత అమ్మిన బీఎస్-6 డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్, అంటే డీపీఎఫ్ ఉంటుంది. మసిని అది అప్పుడప్పుడూ కాల్చేసుకుంటుంది కానీ, ఆయిల్‌లోని లోహపు మందులు కాలితే మిగిలే బూడిదను కాల్చలేదు. ఆ బూడిద అందులోనే పేరుకుంటుంది. అందుకే ఈ బండ్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలి. డబ్బా మీద ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) ఇచ్చే సీ2, సీ3 లాంటి గుర్తులుంటాయి, మీ పుస్తకంలో ఏది రాశారో అదే తీసుకోండి. లారీలకు వాడే డీజిల్ ఆయిల్ చవగ్గా దొరుకుతుంది కదా అని పోస్తే ఆయిల్‌లో మిగిలిన డబ్బుకు ఎన్నో రెట్లు డీపీఎఫ్ దగ్గర కట్టాల్సి వస్తుంది.

సింథటిక్ కావాలా, మినరల్ సరిపోతుందా అన్న చర్చతో పెద్దగా పని లేదు. 0డబ్ల్యూ-20 లాంటి గ్రేడ్లు ఎలాగూ సింథటిక్‌లోనే వస్తాయి. ఏ కంపెనీదన్నది కూడా అంత పెద్ద విషయం కాదు. గ్రేడు, స్థాయి రెండూ కలిస్తే పేరున్న ఏ కంపెనీదైనా పనిచేస్తుంది. అసలు భయం నకిలీతో. కంపెనీ అధీకృత డీలరు దగ్గరో, కారు కంపెనీ సొంత పార్టుల కౌంటర్లోనో, పెట్రోలు బంకులోనో బిల్లుతో కొనండి. మూత కింద సీలు, డబ్బా మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడండి. ధర మరీ తక్కువ చెబితే బేరం కుదిరిందని సంతోషించకుండా వదిలేసి రండి. నకిలీలకు కావాల్సింది ముఖ్యంగా ఖాళీ డబ్బాలే. కాబట్టి మీరు వాడాక డబ్బాను కత్తితో కోసి గానీ పాత సామాన్లవాడికి ఇవ్వకండి.

ఎంత కొనాలి? చిన్న పెట్రోలు కార్లకు మూడు, మూడున్నర లీటర్లు పడుతుంది. 1.5 లీటర్ల డీజిల్ ఇంజిన్లకు అయిదు దాకా పట్టొచ్చు. పుస్తకంలో ‘ఫిల్టర్‌తో’, ‘ఫిల్టర్ లేకుండా’ అని రెండు అంకెలుంటాయి, మీకు కావాల్సింది మొదటిది. ఆయిల్‌తోపాటు ఫిల్టర్, డ్రెయిన్ బోల్టుకు (పాత ఆయిల్ దింపడానికి ఇంజిన్ అడుగున విప్పేది) కొత్త వాషర్ కూడా కొనండి. కొన్ని రూపాయల వాషర్ కోసం మళ్లీ జేసీ రోడ్డు దాకా పోవడం బెంగళూరులో అరపూట పని.

ఆయిల్ మార్చడం

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. డ్రెయిన్ బోల్టుకు సరిపోయే సాకెట్ పానా (చిన్న కార్లలో ఎక్కువగా 14 నుంచి 19 ఎంఎం లోపు), ఫిల్టర్ విప్పే రెంచ్, అయిదారు లీటర్లు పట్టే వెడల్పాటి టబ్బు, గరాటు, నైట్రైల్ గ్లౌజులు, వేస్ట్ గుడ్డ, పాత అట్టపెట్టెలు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్ ఒకటి కొనుక్కుంటే మంచిది. ఎస్పీ రోడ్డులో పనిముట్ల దుకాణాలు చాలానే ఉన్నాయి.

అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో చేసేటట్టయితే అసోసియేషన్ వాళ్లకు ముందే ఒక మాట చెప్పండి. నేల మీద మరక పడితే వాట్సాప్ గ్రూపులో ఫోటో రావడానికి ఎంతో సేపు పట్టదు. అట్టపెట్టెలు విప్పి ఇంజిన్ కింద వెడల్పుగా పరవండి.

బండి కిందికి దూరే విషయంలో ఒకే ఒక్క నియమం ఉంది, దానికి మినహాయింపు లేదు. జాకీ మీద మాత్రమే నిలబడ్డ బండి కింద తల పెట్టకూడదు. స్టెప్నీ మార్చడానికి ఇచ్చే జాకీ చక్రం లేపడానికే తప్ప మనిషిని కాయడానికి కాదు. రెండు ర్యాంపులు కొని ముందు చక్రాలు ఎక్కించండి, లేదా జాకీతో లేపి జాకీ స్టాండ్ల మీద దించండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్లో పెట్టి, వెనక చక్రాలకు ఇటుకలో చెక్కలో అడ్డం పెట్టండి. నేల చదునుగా లేకపోతే ఆ పని అక్కడ మొదలుపెట్టకండి. ర్యాంపుల గొడవే వద్దనుకుంటే, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) గొట్టం గుండా ఆయిల్‌ను పైకి పీల్చే చేతి పంపులు దొరుకుతాయి. కొన్ని ఇంజిన్లలో అడుగున కాస్త ఆయిల్ మిగిలిపోతుంది కానీ, కింద దూరే పని తప్పుతుంది. ఫిల్టర్ పైనుంచే అందే బండి అయితే అదే సుఖం.

1. ఇంజిన్‌ని అయిదు నిమిషాలు ఆడించి ఆపండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే పల్చబడి బాగా దిగుతుంది. ట్రాఫిక్‌లోంచి రాగానే మాత్రం విప్పకండి, చెయ్యి కాలుతుంది.

2. పైన ఆయిల్ పోసే మూత తిప్పి వదులుగా పెట్టండి. గాలి ఆడితే కిందికి ధార బాగా వస్తుంది. అప్పుడే మూత అడుగున ఒకసారి చూడండి. పాలు ఎక్కువైన కాఫీలా తెల్లటి నురగ ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయన్నమాట. డిసెంబరు చలిలో ఇంటి నుంచి కూరగాయల కొట్టు దాకా మాత్రమే తిరిగే బండికి మూత మీద కాస్త అలా కనిపించడం మామూలే. డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగుంటే మాత్రం పని ఆపి మెకానిక్‌ని పిలవండి.

3. కింద ప్లాస్టిక్ కవచం ఉంటే విప్పండి. టబ్బు పెట్టి, డ్రెయిన్ బోల్టును పానాతో అరచుట్టు వదులు చేసి, మిగతాది వేళ్లతో తిప్పండి. చివరి మరల దగ్గర బోల్టును పైకి నొక్కి పట్టుకునే తిప్పి, ఒక్కసారిగా పక్కకు లాగేయండి. మొదట ధార నిటారుగా కాకుండా ముందుకు వచ్చి పడుతుంది, టబ్బు కాస్త అటు జరిపి ఉంచండి. తర్వాత ధార సన్నబడే కొద్దీ వెనక్కి వస్తుంది.

4. పది, పదిహేను నిమిషాలు వదిలేయండి. డీజిల్ ఆయిల్ నల్లగా ఉందని కంగారు పడకండి, అది పోసిన కొన్ని రోజులకే నల్లబడుతుంది. బోల్టు చివర అంటుకున్న దాన్ని వేళ్ల మధ్య రాసి చూడండి. బూజులాంటి మెత్తటి పొడి ఉంటే సహజం. గోటికి తగిలే ముక్కలుంటే అది వేరే కథ.

5. కొత్త వాషర్ వేసి బోల్టు బిగించండి. సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) చాలా బండ్లలో అల్యూమినియంది, మరలు మెత్తన. చిన్న కార్లలో సాధారణంగా 30, 40 న్యూటన్ మీటర్ల మధ్య చెబుతారు, మీ బండిది ఎంతో చూసి టార్క్ రెంచ్‌తో అంతే బిగించండి. బలముంది కదా అని ఇంకో పట్టు పట్టారంటే మర జారిపోయి సంపు మార్చాల్సిన పని పడుతుంది.

6. ఫిల్టర్ విప్పండి. ఇందులో అన్నిటికంటే ముఖ్యం, పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడటం. అది చూడకుండా కొత్తది బిగిస్తే రింగు మీద రింగు పడుతుంది. స్టార్ట్ చేసిన నిమిషంలో ఆయిలంతా నేల మీద ఉంటుంది. కొత్త ఫిల్టర్ రింగుకు కొత్త ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, తగిలిన దగ్గర్నుంచి ముప్పావు చుట్టు బిగించండి. రెంచ్ విప్పడానికే, బిగించడానికి కాదు.

7. బండిని కిందికి, చదునైన చోటికి దించాకే పైనుంచి ఆయిల్ పోయండి. పుస్తకంలో రాసిన దానికన్నా ఓ పావు లీటరు తక్కువే పోసి, ఇంజిన్‌ని ఒక నిమిషం ఆడించండి. మీటర్లో ఎర్రటి ఆయిల్ గుర్తు రెండు మూడు క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఆపి అయిదు నిమిషాలాగి డిప్‌స్టిక్ తుడిచి, ముంచి చూడండి. కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య తేడా చాలా బండ్లలో లీటరు లోపే. కాబట్టి కొంచెం కొంచెం పోస్తూ పై గీతకు కాస్త కిందే ఆపండి.

ఎక్కువ పోస్తే మంచిదే కదా అనే ధోరణి మనలో చాలామందికి ఉంది. గరిష్ఠం దాటితే క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) తిరిగేటప్పుడు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది. నురగను పంపు సరిగ్గా తోయలేదు. ఒకవేళ ఎక్కువ పడితే డ్రెయిన్ బోల్టు కాస్త వదులు చేసో, పంపుతో లాగో తీసేయండి.

కూలెంట్

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఇంజిన్ పనిచేసేదే 90 పైన. రేడియేటర్ మూత ఒత్తిడి పట్టి ఉంచడం వల్ల, సగం ఎథిలీన్ గ్లైకాల్ ఉండటం వల్ల ఆ మిశ్రమం సుమారు 120 డిగ్రీలు దాటేదాకా మరగదు. నడి ఎండలో ఏసీ వేసుకుని సిల్క్ బోర్డు దగ్గర నిలబడ్డా బండి ఉడికిపోనిది అందుకే. గ్లైకాల్ చేసే ఇంకో పని తుప్పు ఆపే మందుల్ని మోయడం. కూలెంట్ పాతబడితే ముందు అయిపోయేవి ఆ మందులే. మరిగే ఉష్ణోగ్రత బాగానే ఉన్నా లోపల తుప్పు మొదలవుతుంది.

ఇప్పుడు నీళ్ల గురించి. వైట్‌ఫీల్డ్, వర్తూరు వైపు ఉండేవాళ్లకు బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు ఏం చేస్తాయో చెప్పక్కర్లేదు. కుళాయిల మీద, గీజర్ కాయిల్ మీద పట్టే తెల్లటి పొర చూస్తూనే ఉంటారు. అవే ఉప్పులు రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ పడతాయి. కావేరి నీళ్లు వచ్చే ఇంట్లో ఉన్నా సరే, కూలెంట్‌లో కుళాయి నీళ్లు పొయ్యొద్దు. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ దుకాణంలో దొరుకుతుంది. లేదంటే కలిపే పనే లేకుండా రెడీమిక్స్ కొనండి. డబ్బా మీద ‘కాన్సంట్రేట్’ అని ఉందో ‘రెడీ టు యూజ్’ అని ఉందో చూసి మరీ తీసుకోండి, ఈ రెండింటినీ తారుమారు చేసేవాళ్లు చాలామంది.

రంగు చూసి కొనకండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం, గులాబీ అన్నీ కంపెనీలు వాటి ఇష్టానికి కలిపే రంగులే. ఒకే ఎరుపులో రెండు వేర్వేరు రకాలుండొచ్చు. జపాన్, కొరియా కంపెనీల కార్లకు సాధారణంగా ఫాస్ఫేట్ ఉన్న రకం, యూరప్ కార్లకు సిలికేట్ ఉన్న రకం అడుగుతారు. వేర్వేరు రకాలు కలిస్తే తుప్పు ఆపే మందులు దెబ్బతింటాయి, కొన్నిసార్లు జిగురులా గడ్డకడతాయి కూడా. పాత ఆకుపచ్చ రకాలు రెండు మూడేళ్లకు మార్చాలి. కొత్త లాంగ్ లైఫ్ రకాలు అయిదేళ్లు, ఇంకా ఎక్కువ కూడా వస్తాయి.

మార్చేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. తెల్లవారి లేచి చేసే పని ఇది. వేడి మీద మూత తెరిస్తే ఒత్తిడితో మరిగే ద్రవం మొహం మీదికి చిమ్ముతుంది. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, రేడియేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ ట్యాపు గానీ కింది గొట్టం క్లిప్పు గానీ వదులు చేసి, ఉన్నదంతా టబ్బులోకి దింపండి. పక్కనున్న ప్లాస్టిక్ రిజర్వాయర్ కూడా ఖాళీ చేసి కడగండి. దిగింది తుప్పు రంగులో ఉంటే ట్యాపు మూసి, డిస్టిల్డ్ వాటర్ నింపి, ఇంజిన్ వేడెక్కేదాకా ఆడించి, చల్లారాక మళ్లీ దింపండి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి. ఇంజిన్ లోపల ఎలాగూ కొంత నీరు మిగులుతుంది. అందుకే ఇలా కడిగాక రెడీమిక్స్ కాకుండా, మొత్తం పరిమాణంలో సగం కాన్సంట్రేట్ ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపితే పాళ్లు సరిపోతాయి.

నింపడం నిదానంగా. గాలి బుడగ లోపల చిక్కుకుంటే ఒక చోట ఇంజిన్ ఉడుకుతుంటే మీటరు మాత్రం మామూలుగా చూపించొచ్చు. బ్లీడ్ స్క్రూ ఉన్న బండి అయితే దాన్ని వదులు చేసి, బుడగలు పోయి ద్రవం వచ్చాక బిగించండి. లేకపోతే మూత తీసే ఉంచి, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, ఇంజిన్‌ని ఐడిల్‌లో ఆడించండి. పై గొట్టాన్ని అప్పుడప్పుడూ మెత్తగా నొక్కుతుంటే బుడగలు పైకి వస్తాయి. మట్టం పడిపోయిన కొద్దీ పోసి, ద్రవం వేడెక్కి పైకి పొంగడం మొదలవగానే మూత పెట్టేయండి. రేడియేటర్ ఫ్యాను ఒకటి రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూడండి. హీటర్ నుంచి వేడి గాలి వస్తుంటే లోపల పారుదల సరిగ్గా ఉన్నట్టే. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు రిజర్వాయర్ రెండు గీతల మధ్యకు నింపుకోండి.

గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. నేల మీద చిన్న మడుగు మిగిలినా బేస్‌మెంట్‌లో పడుకునే కుక్క నాకిందంటే కిడ్నీలు పోతాయి. పని కాగానే నీళ్లు పోసి కడిగి, గుడ్డతో తుడిచేయండి.

బ్రేక్ ఫ్లూయిడ్

ఇది చాలామంది ఎప్పుడూ మార్చనే మార్చరు. ఆయిల్ లాగా నల్లబడి అల్లరి పెట్టదు కాబట్టి గుర్తుకు రాదు. కానీ బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. బ్రేక్ ఫ్లూయిడ్ రకాలను డాట్ 3, డాట్ 4 అంటారు. కొత్త డాట్ 4 ద్రవం కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి దిగిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. ఆఫీసుకు పోయి వచ్చే దారిలో ఈ తేడా మీకు ఎప్పటికీ తెలియదు. తెలిసేది నంది కొండ దిగేటప్పుడు, తిరుమల ఘాట్ దిగేటప్పుడు. ఇంటిల్లిపాదీ ఎక్కిన బండి మలుపు మలుపుకీ బ్రేక్ మీదే దిగితే చక్రాల దగ్గర ద్రవం మరిగి ఆవిరి అవుతుంది. నొక్కితే ద్రవం కుదించుకోదు, ఆవిరి కుదించుకుపోతుంది. పెడల్ మెత్తగా నేలకి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. రెండేళ్లకోసారి మార్చండి, కొండ దిగేటప్పుడు రెండో గేర్లో దిగండి. రెండూ కావాలి.

మీ రిజర్వాయర్ మూత మీదే డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది. డాట్ 3 అడిగే బండిలో డాట్ 4 పోయొచ్చు. డాట్ 5.1 కూడా ఇదే గ్లైకాల్ జాతి. డాట్ 5 మాత్రం సిలికోన్, వీటితో కలవదు, మన కార్లకు దాని పని లేదు. చిన్న సీసాలే కొనండి. సీలు తీసిన సీసా అల్మారాలో పెట్టి వచ్చే ఏడు వాడితే తేమ పీల్చిన ద్రవాన్నే పోసినట్టు. అర లీటరు నుంచి లీటరు చాలు.

మట్టం తగ్గిందని ఊరికే నింపెయ్యకండి. బ్రేక్ ప్యాడ్లు అరిగిన కొద్దీ పిస్టన్లు బయటికి జరిగి మట్టం మెల్లగా దిగుతుంది, అది ప్యాడ్లు చూసుకోమని బండి చెప్పే మాట. ఇప్పుడు నింపేస్తే, రేపు కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్లు వెనక్కి నెట్టినప్పుడు ద్రవం పొంగి పెయింట్ మీద పడుతుంది. అది పెయింట్‌ను తినేస్తుంది. పడిన చోట వెంటనే నీళ్లు కుమ్మరించండి, తుడిస్తే ఇంకా పాకుతుంది.

మార్చడానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో, ఒకరు చక్రం దగ్గర. ముందు పెద్ద సిరంజితో రిజర్వాయర్‌లోని పాత ద్రవం చాలావరకు లాగేసి కొత్తది నింపండి. తర్వాత మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ద్రవాన్ని చక్రాల వైపు తోసే భాగం) ఎక్కువ దూరంలో ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన కార్లలో ఆ సిలిండర్ కుడి వైపు, డ్రైవరు ముందే ఉంటుంది. కాబట్టి సాధారణంగా ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు అనే వరుస. ఏబీఎస్ ఉన్న కొన్ని బండ్లకు పుస్తకంలో వేరే వరుస ఉంటుంది, ఉంటే అదే పాటించండి. చక్రం విప్పాల్సి వస్తే ఇక్కడా జాకీ స్టాండు తప్పదు.

చక్రం దగ్గర ద్రవం బయటికి వదిలే బ్లీడర్ నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో కొస కాస్త కొత్త ద్రవం పోసిన సీసాలో ముంచండి. ఇక మాటలు తేడా రాకూడదు. సీట్లో మీ బావమరిది ఉన్నాడనుకోండి.

‘తొక్కు.’

‘తొక్కాను బావా.’

అప్పుడు నిపుల్ పావు చుట్టు వదలండి. పెడల్ కిందికి దిగుతుంది, గొట్టంలో ముదురు రంగు ద్రవం కదులుతుంది. నిపుల్ బిగించాకే ‘వదులు’ అనాలి. మీరు అనేలోపే అతను కాలు తీశాడంటే గాలి లోపలికి పోయినట్టే, మళ్లీ మొదటికి. ఫోన్ చూస్తూ పెడల్ తొక్కే మనిషిని ఈ పనికి కూర్చోబెట్టకండి. పెడల్ నేల దాకా తొక్కకుండా కింద చిన్న చెక్క ముక్క పెడితే పాత బండ్లలో మాస్టర్ సిలిండర్ సీళ్లకు మంచిది.

గొట్టంలో ద్రవం తేటబడి బుడగలు ఆగాక తర్వాతి చక్రానికి వెళ్లండి. ప్రతి అయిదారు తొక్కులకు ఒకసారి రిజర్వాయర్ చూసుకోండి, అది ఖాళీ అయితే గాలి మాస్టర్ సిలిండర్‌లోకి, ఏబీఎస్ యూనిట్‌లోకి పోతుంది. అప్పుడు స్కానర్ (కారు కంప్యూటర్‌కు తగిలించే పరికరం) ఉన్న గ్యారేజీకి టో చేయించాల్సి రావచ్చు. అన్నీ అయ్యాక ఇంజిన్ ఆన్ చేసి పెడల్ గట్టిగా ఉందో లేదో చూడండి. మెత్తగా ఉంటే బండి కదపకండి. గట్టిగా ఉంటే ముందు పార్కింగ్‌లోనే నడిచే వేగంతో నాలుగైదుసార్లు ఆపి చూసి, తర్వాతే రోడ్డెక్కండి. ఇదంతా చదివాక చెయ్యి ఆడదనిపిస్తే ఈ ఒక్క పనికి మెకానిక్ దగ్గరికే వెళ్లండి, పక్కన నిలబడి చూడండి.

మిగతావి

మాన్యువల్ గేర్‌బాక్స్ ఆయిల్ ఇంట్లో మార్చొచ్చు. చాలా బండ్లకు 75డబ్ల్యూ-80, 75డబ్ల్యూ-90 గ్రేడుల్లో జీఎల్-4 స్థాయి గేర్ ఆయిల్ అడుగుతారు. అంకె పెద్దది కదా అని జీఎల్-5 పొయ్యకండి, కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని గంధకపు మందులు గేర్‌బాక్స్‌లో ఇత్తడి సింక్రోనైజర్లను (గేరు మెత్తగా పడేలా చేసే రింగులు) తినేస్తాయి. దీంట్లో గుర్తుంచుకోవాల్సింది ఒకటే: కింది డ్రెయిన్ బోల్టు కన్నా ముందు పై ఫిల్లర్ బోల్టు విప్పండి. పైది తుప్పు పట్టి రాకపోతే, కింద ఖాళీ చేసిన గేర్‌బాక్స్‌తో బండి అక్కడే ఆగిపోతుంది.

సీవీటీ, డీసీటీ, టార్క్ కన్వర్టర్ రకాల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ల జోలికి పోకండి. వాటి మట్టం ఫలానా ఉష్ణోగ్రతలో, స్కానర్ చూస్తూ సరిపెట్టాలి. ఏఎంటీలో (మాన్యువల్ గేర్‌బాక్స్‌లో గేర్లు వాటంతటవే మారే రకం) గేరు మార్చే యూనిట్‌కు విడిగా ఉండే హైడ్రాలిక్ ఆయిల్ కూడా అంతే. స్టీరింగ్ ఇప్పుడు చాలా కార్లలో ఎలక్ట్రిక్, మార్చడానికి ఏమీ ఉండదు. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీ కూలెంట్ సర్వీస్ సెంటర్ పని.

పొగను శుద్ధి చేసే యాడ్‌బ్లూ ద్రవం తాగే డీజిల్ బండి ఉంటే ఐఎస్‌ఓ 22241 అని రాసి ఉన్న డబ్బానే కొనండి. అందులో ఉండేది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. పొలానికి చల్లే యూరియాతో ఇంట్లో కలిపేది కాదు. పొరపాటున డీజిల్ ట్యాంకులో పడితే తాళం కూడా తిప్పకుండా టో చేయించండి.

వైపర్ నీళ్లలో బట్టల సబ్బు పొడి వెయ్యకండి, కారు షాంపూ నాలుగు చుక్కలు చాలు.

వానాకాలానికి ఒక మాట. 2022 సెప్టెంబరులో అవుటర్ రింగ్ రోడ్డు మునిగినట్టు మీ బండి చక్రాల సగం పైదాకా నీళ్లలో నిలిచి ఉంటే, స్టార్ట్ చేసే ముందు ఇంజిన్ డిప్‌స్టిక్ తీసి చూడండి. తెల్లగా ఉన్నా, మట్టం పెరిగినా స్టార్ట్ చేయకండి. నీళ్లలోంచి నడిపి బయటపడిన బండికి కూడా గేర్‌బాక్స్ ఆయిల్ ఒకసారి చూడటం మంచిది, పైన గాలి రంధ్రం నుంచి నీరు దిగి ఉండొచ్చు.

పాత ఆయిల్

ఖాళీ నీళ్ల క్యాన్‌లో పోసి మూత బిగించండి. కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ అందులో కలపొద్దు, వాటికి వేరే సీసాలు. కాలిన ఇంజిన్ ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. అధీకృత రీసైక్లర్లే దాన్ని తీసుకోవాలి. మీరు ఒక్క క్యాన్ కోసం వాళ్లను వెతకక్కర్లేదు. పెద్ద గ్యారేజీలు, సర్వీస్ సెంటర్లు డ్రమ్ముల్లో పోగుచేసి వాళ్లకు ఇస్తాయి, ఫిల్టర్ ఎక్కడ కొన్నారో అక్కడే అడిగితే దారి చూపిస్తారు. వీధి చివర వాన నీటి కాలువలో మాత్రం పోయకండి. ఆ నీళ్లు రాజకాలువల్లో (ఊరి పెద్ద వాన నీటి కాలువలు) పడి బెళ్లందూరు, వర్తూరు లాంటి చెరువులకే పోతాయి. ఆ చెరువుల నురగ, మంటలు ఈ ఊరి వాళ్లకు కొత్త కాదు. చెదలకు మంచిదని తలుపు చెక్కలకు, గోడ మూలల్లో పూయడం కూడా వద్దు, కాలిన ఆయిల్‌లో క్యాన్సర్ కారకాలుంటాయి.

పని అయిన రోజు తేదీ, మీటరు అంకె, పోసిన గ్రేడు ఒక స్టిక్కర్ మీద రాసి బానెట్ లోపల అతికించండి. బిల్లు గ్లవ్ బాక్స్‌లో పెట్టండి, రేపు బండి అమ్మేటప్పుడు అడుగుతారు. మొదటి రాత్రి బండి కింద శుభ్రమైన అట్ట ముక్క పరిచి, పొద్దున చుక్కలేమైనా పడ్డాయేమో చూడండి. ఆయిల్ చుక్క గోధుమ రంగులో జిడ్డుగా, కూలెంట్ చుక్క తన రంగులోనే నీళ్లగా ఉంటుంది. ఏసీ కింద పడే తేట నీటి చుక్కల్ని లెక్కపెట్టకండి. వారం తిరిగాక డిప్‌స్టిక్, కూలెంట్, బ్రేక్ మట్టాలు మూడూ ఇంకోసారి చూసి, డ్రెయిన్ బోల్టు చుట్టూ తడి లేదని వేలితో నిర్ధారించుకుంటే పని పూర్తయినట్టే.